సున్నము కొట్టిన గోడ



2018వ సంవత్సరము మే నెలలో నేను అమెరికా దేశమందలి షికాగో నగరమునకు వెళ్ళితిని. మా పెద్ద కుమార్తె ప్రసవమునకై నా భార్య ముందుగా వెళ్ళియుండెను. మనుమని చూచి, ఆమెను వెంటబెట్టుకొని వచ్చుటకు నేను వెనుక వెళ్ళితిని. విమాన ప్రయాణమును గూర్చియు, అక్కడి మేడల ఎత్తును గూర్చియు వ్రాసి మీ కాలము వ్యర్థపరచను. అట్టి సంగతులు చెప్పువారు ఇప్పుడు ప్రతి గ్రామములోను ఉన్నారు. అక్కడ నేను చూచినది ఒక్కటి మాత్రము నాతోకూడ ఇంటివరకు వచ్చినది. దానిని గూర్చి వ్రాయవలెనని ఇన్ని సంవత్సరములనుండి అనుకొనుచున్నాను గాని, నాకు అవమానము కలిగించు భాగమొకటి అందులో ఉన్నందున ఆలస్యము చేయుచు వచ్చితిని.

ఒకనాడు మా అల్లుడు పనికి వెళ్ళుచు నగరపు నడిబొడ్డున హెరాల్డ్ వాషింగ్టన్ పేరిట ఉన్న పెద్ద గ్రంథాలయమువద్ద నన్ను దించెను. "మామయ్యగారూ, మీకు పుస్తకాలంటే ఇష్టం కదా. సాయంత్రం అయిదింటికి వచ్చి తీసుకెళ్తాను. అప్పటిదాకా బయటికి మాత్రం వెళ్ళకండి, దారి తప్పుతారు" అని చెప్పి పోయెను. నేను విధేయుడనై లోపలనే తిరుగుచుంటిని. మూడవ అంతస్తునకు పోయి తలయెత్తి చూడగా, పైకప్పునుండి వేలకొలది చిన్న లోహపు బిళ్ళలు వరుసలు వరుసలుగా వ్రేలాడుచుండెను. మన దేవాలయములలో క్రిస్మసుకు కట్టు తళుకు కాగితములవలె అలంకారమని మొదట అనుకొంటిని. దగ్గరకు వెళ్ళి అక్కడ వ్రాసియున్నది చదివిన తరువాత కాళ్ళలో సత్తువ తగ్గి ప్రక్కనున్న బల్లమీద కూర్చుంటిని.

సైనికుడు యుద్ధమునకు పోవునప్పుడు మెడలో రెండు బిళ్ళలు వేసికొనును. వాటిమీద అతని పేరు, నంబరు, రక్తపు రకము, మతము అచ్చువేయబడియుండును. అతడు చనిపోయినయెడల ఒక బిళ్ళ శరీరముతో ఉండును, మరియొకటి లెక్కకొరకు తీసికొనిపోబడును. శవము గుర్తుపట్టరాని స్థితిలో ఉన్నను, ఆ బిళ్ళ అతడెవరో చెప్పును. నా తలపైన వ్రేలాడుచున్నవి వియత్నాము యుద్ధములో చనిపోయిన అమెరికా సైనికులకు గుర్తుగా చేసిన బిళ్ళలు. మనిషికొకటి చొప్పున 58,000కు పైగా ఉన్నవి. ఎవరు ముందు చనిపోయిరో ఆ క్రమములో కట్టబడినవి. 2001లో మొదటిసారి వేరొక భవనములో వీటిని వ్రేలాడదీసినప్పుడు పది అడుగుల వెడల్పు, నలుబది అడుగుల పొడవు స్థలము పట్టినదట. గాలి కదలినప్పుడు అవి ఒకదానికొకటి తగిలి సన్నని ధ్వని చేయును. వాటి మధ్య నల్లని బిళ్ళ ఒక్కటి ఉన్నది. యుద్ధములో చావక, ఇంటికి తిరిగివచ్చి, ఆ యుద్ధము తమలో మిగిల్చిన దానివలన తరువాత చనిపోయినవారందరికి కలిపి అది ఒక్కటే గుర్తు.

దీనిని చేసినవారు ఆ యుద్ధమునకు వెళ్ళివచ్చినవారే. నేను అక్కడ కూర్చున్నంతసేపు ఒక వృద్ధుడు ఒకేచోట నిలువబడి పైకి చూచుచుండెను. ఆయన ప్రక్కనున్న పడుచుపిల్ల ఆయన మోచేయి పట్టుకొని, తాను పైకి చూడక ఆయన ముఖమే చూచుచుండెను. వారిని పలుకరించుటకు నాకు ధైర్యము చాలలేదు.

ఇట్టి పనులు మరికొన్ని ఉన్న మ్యూజియము ఆ నగరములోనే ఉన్నదని తెలిసి, ఆ శనివారము అల్లునితో కలిసి అక్కడికి వెళ్ళితిని. దాని చరిత్ర కొంచెము చెప్పెదను. వియత్నామునుండి తిరిగివచ్చిన కొందరు సైనికులు 1981లో తాము గీసికొన్న బొమ్మలు ఒకచోట చేర్చి షికాగోలో ప్రదర్శనగా పెట్టిరి. వీరిలో అనేకులు చిత్రకారులుగా పేరు పొందవలెనని గీసినవారు కారు. మంచము క్రింద, అటకమీద దాచుకొన్నవి బయటికి తెచ్చిరి. 1996లో ఆ నగర మేయరు రిచర్డ్ డేలీ చొరవవలన, పాడుబడిన పాత గిడ్డంగియొకటి బాగుచేయబడి వారికి మ్యూజియము అయినది. తరువాత ఇతర యుద్ధములకు వెళ్ళివచ్చినవారి పనులుకూడ చేర్చుకొనిరి. 2012లో అది మిల్వాకీ అవెన్యూ అను వీధికి మారెను. నేను చూచినది అక్కడనే. ఆ యుద్ధములో ఎదుటి పక్షమున నిలిచి పోరాడిన వియత్నాము వారి చిత్రములకును వారి సేకరణలో చోటు దొరకెను. ఒకరినొకరు చంపుకొనుటకు పంపబడినవారి చేతిపనులు ఒకే కప్పు క్రిందికి చేరినవి. ఇది సామాన్యమైన సంగతి కాదు.

ప్రభుత్వములు యుద్ధమునకు చిత్రకారులను పంపుట క్రొత్త కాదు. అమెరికా సైన్యమే 1966నుండి చిత్రకారులైన సైనికులను చిన్న జట్లుగా వియత్నామునకు పంపి, అరువది దినములు త్రిప్పి చూపించి, తరువాత హవాయి ద్వీపములలో కూర్చుండబెట్టి బొమ్మలు పూర్తిచేయించెను. వారు చూచినది గీయుటకు వారికి స్వేచ్ఛ ఇచ్చిరని చెప్పుదురు. మంచిదే. కాని ఈ మ్యూజియము వారి సంగతి వేరు. వీరిని గీయుమని ఎవరును ఆజ్ఞాపించలేదు. గీయకుండ ఉండలేక గీసిరి.

ఆ బొమ్మలన్నియు నాకు నచ్చినవని చెప్పను. కొన్ని వట్టి కోపము. కొన్నిటి అర్థము నాకు తెలియలేదు. కొన్నిటి యెదుట నేను నిలువలేక ముఖము త్రిప్పుకొని ముందుకు పోతిని. మా అల్లుడు, "వెళ్ళిపోదామా మామయ్యగారూ?" అని మెల్లగా రెండుమారులు అడిగెను. వెళ్ళిపోదమనియే నాకును ఉండెను. అయితే ఆ గదిలో నాకు మన ప్రాంతములోని ఒక గోడ జ్ఞాపకమునకు వచ్చినది. అది వచ్చిన తరువాత కదలలేకపోతిని.

అది 2006వ సంవత్సరపు సంగతి. అప్పుడు నేను కాపరిగా ఉన్న ఊరిలో పటాలమునుండి పింఛనుపై వచ్చిన హవల్దారు ఒకరు ఉండిరి. ఊరివారు ఆయనను 'మిలిటరీ ఆయన' అనియే పిలుచుదురు. ఆదివారము తప్పక వచ్చును, వెనుక తలుపు దగ్గర కూర్చుండును, పాటలు పాడును గాని ప్రార్థన చేయుమనిన లేవడు. ఆయన మద్రాసు రెజిమెంటులో పనిచేసి, 1987లో మన ప్రభుత్వము శ్రీలంకకు శాంతి సేన పేరిట పంపిన పటాలముతో వెళ్ళెను. శాంతి కొరకని వెళ్ళిన ఆ సేన కొద్ది నెలలకే జాఫ్నాలో యుద్ధములో పడినది. 1990 మార్చి నెలలో చివరి దళము తిరిగివచ్చునప్పటికి మనవారు దాదాపు 1,200 మంది చనిపోయిరి. తిరిగివచ్చినవారికి గొప్ప స్వాగతమేమియు దొరకలేదు. ఆ యుద్ధమును గూర్చి మాటలాడుటకు ఎవరికిని ఇష్టము లేకపోయెను.

ఒకనాడు ఆయన భార్య మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, ఆయన పెరటి గోడంతా బొగ్గుతో బొమ్మలు గీస్తన్నారు. పిల్లలు దొడ్లోకి వెళ్ళాలంటే జడుసుకుంటన్నారు. చుట్టాలొస్తే సిగ్గుగా ఉంటంది. మీరు చెబితే వింటారు" అని ఏడ్చెను. నేను వెళ్ళితిని. ఆయన మారుమాట లేకుండ నన్ను పెరటిలోనికి తీసికొనిపోయెను. గోడ పొడవున బొగ్గుతోను, ఎఱ్ఱమట్టితోను ఒకటే బొమ్మ ఏడెనిమిదిసార్లు గీయబడియుండెను. తాటిచెట్లు, ఒక బావి, సగము తెరచిన తలుపు, తలుపులో నిలిచిన చిన్న ఆకారము. ఆ ఆకారమునకు ముఖము గీయలేదు. ప్రతిసారి అక్కడికి వచ్చి ఆపివేసెను.

"అయ్యగారూ, ఇది జాఫ్నా దగ్గర. ఆ రోజు పొద్దున్నే..." అని ఆయన మొదలుపెట్టెను.

నేను చెయ్యి ఎత్తి ఆపితిని. "అన్నయ్యా, మీరు చేసింది డ్యూటీ. ప్రభుత్వం పంపింది, మీరు వెళ్ళారు. ఒకవేళ ఏదైనా ఉన్నా ప్రభువు ఎప్పుడో కడిగేశాడు. దాన్నిప్పుడు తవ్వుకోవద్దు. క్రిస్మస్ వస్తోంది, ఈ గోడకి సున్నం కొట్టించెయ్యండి" అంటిని.

ఆయన కొంతసేపు నావైపు చూచి, "అలాగేనండి" అనెను. కూలివారిని పిలువక తానే కుంచె పట్టుకొని రెండు దినములలో సున్నము కొట్టెను. నేను అక్కడితో ఊరకుండలేదు. ఆ క్రిస్మసు ప్రసంగములో పేరు చెప్పకుండ ఆయన సంగతి ఎత్తి, పాత జీవితమును తుడిచివేసికొన్న సహోదరుడని మాదిరిగా చూపితిని. సంఘము సంతోషించెను. ఆయన వెనుక తలుపు దగ్గర కూర్చుని తల వంచుకొని వినెను. ఆ తరువాత నేను ఆ ఊరిలో ఉన్నంతకాలము ఆయన నాతో ఆ మాట మరి ఎత్తలేదు. అది విడుదల అని నేను అనుకొంటిని.

షికాగోలో ఆ గదిలో నిలిచినప్పుడు నాకు తెలిసినది ఇది. నేను ఆయనను ఆదరించుటకు ఆ మాట చెప్పలేదు. వినుట నాకు భయము గనుక చెప్పితిని. ఆయన చెప్పబోవు సంగతి ఎంత ఘోరమో, విన్న తరువాత ఆయనకు బల్లయొద్ద రొట్టె ఇచ్చునప్పుడు నా చేయి ఎట్లుండునో అని భయపడితిని. క్షమాపణ అను గొప్ప మాటను నా పిరికితనమునకు తెరగా కట్టుకొంటిని.

గోడలో బీటలుండగా పైన పూత పూసి, సమాధానము లేనప్పుడు సమాధానమని చెప్పిన ప్రవక్తలను గూర్చి యెహెజ్కేలు పదుమూడవ అధ్యాయములో మీరు చదివియుందురు. నేను ఆ అధ్యాయముపై ఎన్నిమారులు ప్రసంగించితినో లెక్కలేదు. ఎల్లప్పుడును అది ఇతర ప్రవక్తలను గూర్చి అనుకొంటిని.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. పాపము క్షమింపబడిన తరువాత దానిని మరల మరల బొమ్మలుగా గీయుట విశ్వాసలోపము కాదా? చేసినది పాపమే కానియెడల, అనగా అధికారులకు లోబడి చేసినదైతే, అంత బాధ ఎందుకు? ఇవి తేలికగా త్రోసివేయవలసిన ప్రశ్నలు కావు. నేను ఆ హవల్దారుకు చెప్పిన మాట ఈ రెండు ప్రశ్నలనుండి పుట్టినదే. అధికారి చేతిలో ఖడ్గము ఎందుకున్నది, క్రైస్తవుడు దానిని పట్టవచ్చునా లేదా అను వాదములోనికి నేను దిగను. దానికి సెమినారీలో మూడు సంవత్సరములు చాలలేదు, ఈ పత్రికలో మూడు పుటలు చాలునా? కాని ఒకటి అడిగెదను. అధికారికి లోబడి చేసినవాని చేతికి ఏమియు అంటదని మనకెవరు చెప్పిరి?

సంఖ్యాకాండము ముప్పదియొకటవ అధ్యాయము చూడుడి. ఆ అధ్యాయము చదువుట నాకును కష్టమే, అందులోని యుద్ధమును గూర్చి నా మనస్సు ఇంకను తీరలేదు. అయినను దాని నడుమ ఒక ఆజ్ఞ ఉన్నది. యుద్ధమునకు పంపబడి జయించి వచ్చినవారు, నరుని చంపినవారును చంపబడినవానిని ముట్టినవారును, ఏడు దినములు పాళెము వెలుపల ఉండి తమ్మును శుద్ధిచేసికొనవలెను. మీరు లోబడితిరి గనుక శుద్ధులే, తిన్నగా ఇంటికి పొండని మోషే అనలేదు. అట్లని, మీరు అపవిత్రులు, మరి రావద్దనియు అనలేదు. దినములు ఇచ్చెను, నీళ్ళు ఇచ్చెను, అగ్ని ఇచ్చెను. వారికి పట్టిన దానికి ఒక పేరు, ఒక కాలము, ఒక స్థలము ఇచ్చెను. మనము మన సైనికులకు ఇచ్చునదేమి? రైలు దిగినప్పుడు ఒక పూలదండ, తరువాత పింఛను పుస్తకము, క్యాంటీను కార్డు. మన సంఘములలో బాప్తిస్మమునకు క్రమమున్నది, వివాహమునకు క్రమమున్నది, క్రొత్త ఇంటికి ప్రార్థన ఉన్నది. యుద్ధమునుండి వచ్చినవానికి మాత్రము ఏ క్రమమును లేదు. దావీదు యుద్ధములు దేవుని నామమున జరిగినవే, అయినను బహుగా రక్తము ఒలికించినందున మందిరము అతడు కట్టరాదని మొదటి దినవృత్తాంతములలో ఉన్నది. దేవుడు దావీదును విడిచిపెట్టలేదు. అయినను రక్తము రక్తము కాదని చెప్పలేదు.

ఈ సంగతి వైద్యులకు ఆలస్యముగా తెలిసినది. యుద్ధమునుండి వచ్చినవారి భయము, నిద్రలేమి, పీడకలలు ఒక వ్యాధియని అమెరికా మానసిక వైద్యుల సంఘము 1980లో తన గ్రంథములో చేర్చెను. అయితే బోస్టను నగరములో వియత్నాము సైనికులకు చికిత్స చేసిన జోనథన్ షే అను వైద్యుడు, భయమువలన కలిగిన గాయముతో లెక్క తీరదని కనుగొనెను. న్యాయమని తాను నమ్మిన దానికి ద్రోహము జరుగుట చూచిన మనిషికి కలుగు గాయము వేరు. దానిని గూర్చి ఆయన 1994లో పుస్తకము వ్రాసెను. మనస్సాక్షికి తగిలిన ఈ దెబ్బకు ఇప్పుడు 'నైతిక గాయము' అను పేరు వాడుకలోనికి వచ్చినది. ఇది మాత్రలతో మాత్రమే పోవునది కాదనియు, తన కథను తనను త్రోసివేయని మనుష్యుల యెదుట చెప్పుకొనగలుగుట స్వస్థతలో పెద్ద భాగమనియు ఆ వైద్యుడు వ్రాసెను. ఒక వైద్యుడు సంఘము చేయవలసిన పని ఇదియని చెప్పుచుండగా, సంఘకాపరినైన నేను సున్నపు కుంచె అందించుచుంటిని.

సెమినారీ దినములలో మా గ్రంథాలయములో నేను చూచిన ఒక పుస్తకము షికాగోనుండి వచ్చిన తరువాత మరల వెదకి చదివితిని. ఇంగ్లండులో బర్గ్‌క్లేర్ అను పల్లెటూరిలో ఒక చిన్న దేవాలయమున్నది. మొదటి ప్రపంచ యుద్ధములో మాసిడోనియా దేశమున జబ్బుపడి, 1919లో చనిపోయిన ఒక సైనికాధికారి జ్ఞాపకార్థము అతని అక్కచెల్లెలి కుటుంబము దానిని కట్టించెను. దాని గోడలమీద స్టాన్లీ స్పెన్సర్ అను చిత్రకారుడు 1927నుండి 1932 వరకు పనిచేసి చిత్రములు నింపెను. ఆయన ఆ యుద్ధములో మొదట ఆసుపత్రి నౌకరు, తరువాత మాసిడోనియాలో సైనికుడు. ఆ గోడలలో ఎక్కడను తుపాకి పేల్చుట కనబడదు. నేల కడుగుట, దుప్పట్లు లెక్కబెట్టుట, టీ కాగులు నింపుట, రోగులు రొట్టె తినుట, ఇట్టివే. మన ఊరి ఆసుపత్రిలో ఆయాలు చేయు పనులు! బలిపీఠము వెనుకనున్న పెద్ద గోడమీద మాత్రము సైనికుల పునరుత్థానము గీసెను. సమాధులలోనుండి లేచినవారు తమ తెల్లని సిలువలను ఎవరిది వారు చేతబట్టుకొనియున్నారు. సిలువలు కుప్పలుగా పడియున్నవి. నడుమ రెండు కంచరగాడిదలు మెడ త్రిప్పి చూచుచున్నవి. ప్రభువు ఎక్కడ అని వెదకవలెను. గొప్ప సింహాసనముమీద కాదు, కొంచెము దూరమున, చిన్న ఆకారముగా, సైనికుల నడుమ కూర్చుండి, వారు తెచ్చి ఇచ్చు సిలువలను ఒక్కొక్కటిగా తీసికొనుచున్నాడు. ఎవరినిగాని, నీ సిలువ అక్కడనే పారవేసి రమ్మని ఆయన అనుటలేదు. తెచ్చినది తీసికొనుచున్నాడు. దేవాలయమును తెల్లగా ఉంచవలెనని నేర్చుకొన్న నాకు ఆ గోడ పెద్ద పాఠమైనది.

జర్మనీలో ఒట్టో డిక్స్ అను మరియొకడు, అదే యుద్ధములో మరతుపాకి పట్టినవాడు, 1924లో యుద్ధమును గూర్చి ఏబది చిత్రములు లోహపు రేకులపై చెక్కి అచ్చువేసెను. తరువాత దేవాలయపు బలిపీఠముపై నిలుపు చిత్రముల ఆకారములోనే, రెండు ప్రక్కలు తలుపులవలె, క్రింద సమాధివలె, కందకములలో చనిపోయినవారిని గీసెను. అది ఇప్పుడు డ్రెస్డెన్ నగరమున ఉన్నది. 1933లో హిట్లరు ప్రభుత్వము రాగానే ఆయన ఉద్యోగము ఊడినది. 1937లో ఆయన చిత్రములను వెక్కిరింపు ప్రదర్శనలో పెట్టిరి. మరియొక యుద్ధము చేయదలచినవారికి పాత యుద్ధమును ఉన్నదున్నట్లు చూపువాడు శత్రువు కాక మరేమగును? గోడకు సున్నము కొట్టుటలో ఏలికలకును ఆసక్తి ఉండునని దీనివలన తెలియుచున్నది. అయితే వారి సంగతి వారిది. కాపరులమైన మనము వారికి కూలివారముగా ఎందుకు పనిచేయవలెను?

ఈ మ్యూజియముతో చేర్చి చెప్పదగినది ఇంకొకటి. 2007లో వెర్మాంట్ రాష్ట్రమున ఇరాకు యుద్ధమునకు వెళ్ళివచ్చిన ఒక సైనికుడును, కాగితము చేయు పని తెలిసిన ఒక స్నేహితుడును కలిసి ఒక పని ప్రారంభించిరి. సైనికులు తమ పాత యూనిఫారములు తెచ్చి, కత్తెరతో చిన్న ముక్కలుగా కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి, గుజ్జుగా నలుగగొట్టి, చట్రముతో పైకి తీసి ఆరబెట్టి కాగితము చేయుదురు. ఆ కాగితముమీద తమ సంగతి వ్రాయుదురు, లేదా బొమ్మ గీయుదురు. కొందరు ఆ బట్ట కత్తిరించుటకే గంటలకొలది కూర్చుందురట. ఖడ్గములను నాగటి నక్కులుగా సాగగొట్టు దినమును గూర్చి యెషయా చెప్పినది మనము చాలమారులు విన్నాము. దానికి కొలిమి, సమ్మెట, చెమట కావలెను. ఖడ్గమును అటకమీద పెట్టి మరచిపోయిన మాత్రమున నాగలి కాదు.

ఆ లోహపు బిళ్ళల క్రింద కూర్చున్నప్పుడు నన్ను ఇంకొక తలంపు కలవరపెట్టినది, దానిని దాచను. పైన ఉన్నవి అమెరికావారి పేర్లే. అదే యుద్ధములో వియత్నాము ప్రజలు, ఇరుప్రక్కల సామాన్యులు ఇరువది లక్షలవరకు చనిపోయిరనియు, ఉత్తర పక్షపు యోధులు పదునొకండు లక్షలమంది చనిపోయిరనియు ఆ దేశప్రభుత్వము 1995లో ప్రకటించెను. వారికొరకు ఒక్కొక్క బిళ్ళ కట్టినయెడల ఏ గ్రంథాలయపు కప్పు చాలును? మా హవల్దారు గీసిన ముఖములేని చిన్న ఆకారమునకును ఎక్కడను బిళ్ళ లేదు. చంపినవాని గోడమీద తప్ప ఆ ఆకారమునకు ఈ లోకమున వేరొక గుర్తు ఉన్నదో లేదో. ఆ గోడకు సున్నము కొట్టించినప్పుడు నేను ఒక్క మనిషి నోరు మాత్రమే మూయలేదు.

తోమా సంగతి మనము ఎప్పుడును అవిశ్వాసిని గద్దించుటకే వాడుచుందుము. కాని తిరిగిలేచిన ప్రభువు దేహముపైన మేకుల గుర్తులు ఎందుకున్నవి? మరణమును జయించినవాడు ఆ గాయములను మాన్పుకొనలేకపోయెనా? ఆయన వాటిని దాచలేదు, శిష్యుడు చేయి చాచునంత దగ్గరగా తెచ్చి చూపెను. ఇది నా తలంపు మాత్రమే, సిద్ధాంతముగా చెప్పను. మా సెమినారీ గురువులు బ్రదికియున్నయెడల నన్ను సరిదిద్దియుందురేమో.

ప్రతి సైనికుని బలవంతముగా మాటలాడించవలెనని నేను అనుటలేదు. అది మరియొక క్రూరత్వము. కొందరు చెప్పక నెమ్మదిగా ఉందురు, వారి నెమ్మది నిజమైనదే కావచ్చును. చిన్నపిల్లలకు ఆ బొమ్మలు చూపవలెననియు అనను. ఆ హవల్దారు భార్య కన్నీళ్ళకు కారణమున్నది. పిల్లలు తిరుగు పెరడు దానికి తగిన చోటు కాదు. కాని తగిన చోటు చూపవలసినవాడను నేనే. మా దేవాలయము వెనుక ఖాళీ గది యొకటి ఉండెను. అందులో విరిగిన బెంచీలు పెట్టియుంటిమి.

తిరిగివచ్చిన తరువాత జూలై నెలలో ఆ ఊరికి వెళ్ళితిని. అప్పటికి నేను వేరొక పాస్టరేటులో ఉన్నాను, బస్సులో రెండు గంటల దారి. షికాగోలో కొన్న మంచి కాగితముల పుస్తకమొకటి, బొగ్గు కణికెలు ఒక పెట్టె సంచిలో పెట్టుకొంటిని. ఆయన అరుగుమీద కూర్చుని ఉండెను. జుట్టు పూర్తిగా నెరసినది. ఆయన భార్య నన్ను లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇచ్చుచు మాటలలో ఒక సంగతి చెప్పెను. ప్రతి సంవత్సరము క్రిస్మసుకు ఇంటి ముందు గోడలకు సున్నము కొట్టినను కొట్టకపోయినను, పెరటి గోడకు మాత్రము ఆయన తానే కొట్టునట. "మీరు చెప్పారని, ఒక్క ఏడు కూడా మానలేదండీ అయ్యగారూ" అని ఆమె సంతోషముగానే చెప్పెను.

నేను ఆయన ప్రక్కన కూర్చుని, షికాగోలో చూచినది మొదటినుండి చెప్పితిని. బిళ్ళల సంగతి, నల్లబిళ్ళ సంగతి చెప్పితిని. తరువాత, "అన్నయ్యా, ఆ రోజు మిమ్మల్ని చెప్పనివ్వకపోవడం నా తప్పు. ప్రసంగంలో ఎత్తడం ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించండి" అంటిని. ఆయన ఏమియు అనలేదు. పుస్తకము తీసికొని కాగితమును వ్రేలితో తడిమి చూచి, బొగ్గు పెట్టె తెరచి, మరల మూసెను.

"ఇప్పుడు గియ్యబుద్ధి కావట్లేదయ్యగారూ" అనెను. "నోటితో చెబితే వింటారా?"

ఆఖరి బస్సు ఏడున్నరకు ఉన్నది. అది వీధి చివర హారను కొట్టి వెళ్ళిపోవుట మేమిద్దరము వింటిమి. ఆయన భార్య మధ్యలో ఒకసారి టీ తెచ్చి, అక్కడనే గడపమీద కూర్చుని, తానును వినుట మొదలుపెట్టెను.